డాక్‌లో రంగు కొనుక్కోవాలా, మనమే వేసుకోవాలా?

డాక్ అంటే డిజిటల్ ఫైలుని అనలాగ్ సంకేతంగా మార్చే పెట్టె. ప్రశ్న ఇదీ: బెంగళూరు మారతహళ్ళిలో పదీ పన్నెండు అడుగుల బెడ్రూమ్, ఒక విండోస్ ల్యాప్‌టాప్, ఒక జత యాక్టివ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉన్నవి), రాత్రిపూటకి ఇన్‌ఇయర్ ఫోన్లు. బడ్జెట్ ముప్పై వేలు. ఒకవైపు సినాడ్ 120 డీబీ చూపించే డెల్టా-సిగ్మా డాక్ (ఇప్పటి చిప్పుల్లో మామూలుగా వాడే పద్ధతి), ఇంకోవైపు ఓవర్‌శాంప్లింగ్ (శాంపిళ్ళ మధ్య కొత్తవి లెక్కగట్టి నింపడం) లేని ఆర్‌టూఆర్ డాక్, అంటే రెసిస్టర్లని నిచ్చెనలా పేర్చి చేసినది, దాని అవుట్‌పుట్‌లో ఒక చిన్న వాక్యూమ్ ట్యూబ్. వినేది ఘంటసాల పాతపాటలు, వీణ కచేరీలు, ఇళయరాజా. ఫ్రెండ్ ఇంట్లో రెండూ విన్నారు. మొదటిది పొడిపొడిగా, రెండోది ప్రాణం ఉన్నట్టుగా అనిపించిందట. ఏది కొనాలి?

మొదటిదే కొనండి. ఆ 120 అంకె చూసి మాత్రం కాదు. మీరు విన్న ఆ 'ప్రాణం' అబద్ధమనీ అననండి, అందులో కొంత నిజంగానే ఉంటుంది. ఇబ్బంది ఒక్కటే: డాక్ లోపల సోల్డర్ చేసి వచ్చిన రంగు, అంటే అది ధ్వనిలో చేసే మార్పు, ప్రతి పాటకీ పడుతుంది, వద్దనుకున్న రోజు తీయడానికి ఉండదు. అదే రంగుని సాఫ్ట్‌వేర్‌లో వేసుకుంటే పాటని బట్టి వేయొచ్చు, ఆపేయొచ్చు, దేనికి డబ్బు పెడుతున్నామో కూడా తెలుస్తుంది.

ముందు ఆ అంకె సంగతి. 1 కిలోహెర్ట్జ్ స్వరాన్ని ఒక్కదాన్నే పంపి, బయటికొచ్చిన దానిలో ఆ స్వరంతో పోలిస్తే రొద, డిస్టార్షన్ (తరంగం వంకరపోవడం) రెండూ కలిపి ఎంత కిందున్నాయో చెప్పేది సినాడ్. 80 అంటే ఆ రెండూ కలిసిన చెత్త 0.01 శాతం. 100 అంటే 0.001, 120 అంటే 0.0001. మీ గదిలో పాట బాగా గట్టిగా పెట్టి, శిఖరాలు 95 డీబీ తాకుతున్నాయనుకుందాం. సినాడ్ 80 ఉన్న డాక్ చెత్త కూడా మీ కుర్చీ దగ్గర 15 డీబీ. సీలింగ్ ఫ్యాన్ మూడులో తిరుగుతుంటే గదిలో 40 డీబీ దాకా ఉండనే ఉంటుంది, బయట రింగ్ రోడ్డు హారన్లు లెక్కలో వేయకుండానే. 16 బిట్ల సీడీకి సిద్ధాంతం ప్రకారం వచ్చేదే 98 డీబీ. పాత టేపు రికార్డింగుల్లో హిస్‌కీ పాటకీ మధ్య ఎడం 60 డీబీ ఉంటే గొప్ప. అందుకని 110 ఉన్న డాక్‌నీ 120 ఉన్న డాక్‌నీ పక్కపక్కన పెట్టి పది వేలు ఎక్కువ పెట్టడం దండగ. ఇవాళ ఇరవై వేల లోపే 110 దాటినవి దొరుకుతున్నాయి. వెయ్యికి అటూఇటూ దొరికే యాపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ కూడా 100కి దగ్గరగా వస్తుంది. దాన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెడితే చాలాసార్లు వాల్యూమ్ సగానికే ఆగిపోతుంది. అది ఆండ్రాయిడ్ వాల్యూమ్ అప్పజెప్పే తీరుతో వచ్చే గొడవ, డాంగిల్ పాడైందని మార్చేయకండి.

'క్లీన్ డాక్ పెడితే పాతపాటల్లో హిస్ ఎక్కువ వినిపిస్తుంది' అనే మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. హిస్ రికార్డింగులో ఉన్నంతే ఉంటుంది. సినాడ్ పెరిగితే అది పెరగదు. రెండో డాక్‌లో హిస్ తగ్గినట్టు అనిపిస్తే అది పైస్థాయి ధ్వనులు కోసుకుపోవడం వల్ల. ఎంత కోసుకుపోతాయో లెక్కగట్టి చెప్పొచ్చు.

ఓవర్‌శాంప్లింగ్ లేని డాక్ ఒక శాంపిల్ విలువని తరవాతి శాంపిల్ వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంటుంది. తరంగం మెట్లమెట్లుగా వస్తుంది. ఆ పట్టుకోవడం వల్లే 44.1 కిలోహెర్ట్జ్ ఫైలు మీద 5 కిలోహెర్ట్జ్ దగ్గర 0.2 డీబీ, 10 దగ్గర 0.75, 15 దగ్గర 1.7, 20 దగ్గర 3.2 డీబీ తగ్గుతుంది. చిప్ ఏదైనా, కంపెనీ ఏదైనా, విడిగా సరిదిద్దే సర్క్యూట్ పెట్టకపోతే అంతే. 'అనలాగ్ మృదుత్వం'లో పెద్ద వాటా ఇదే. ఫిల్టర్ లేకపోవడం వల్ల ఇంకోటీ జరుగుతుంది: 20 కిలోహెర్ట్జ్ స్వరం ఉంటే 24.1 దగ్గర దాని నీడ పుడుతుంది, 1 కిలోహెర్ట్జ్‌కి 43.1 దగ్గర పుడుతుంది. చెవికి వినపడవు. కానీ వెనకున్న యాంప్లిఫయర్ వాటిని సరిగ్గా మోయలేకపోతే వినపడే మేరలో కొత్త స్వరాలు తయారుచేస్తుంది.

మీ విషయంలో ఇక్కడ ఒక చిక్కుంది. ఇప్పటి యాక్టివ్ స్పీకర్లలో చాలావాటికి లోపల డీఎస్‌పీ (ధ్వనిని డిజిటల్‌గా సర్దే చిప్) ఉంటుంది. మొబైల్ యాప్‌తోనో రిమోట్‌తోనో ఈక్యూ (ఈక్వలైజర్) మార్చగలుగుతున్నారంటే మీవీ దాదాపుగా ఆ బాపతే. అలాంటి స్పీకర్ మీ ఆర్సీఏ వైరులోంచి వచ్చిన అనలాగ్‌ని మళ్ళీ డిజిటల్‌లోకి మార్చి, తన సొంత డాక్‌తో బయటికి పంపుతుంది. అంటే ముప్పై వేల ఆర్‌టూఆర్ గొంతు స్పీకర్‌లోని మామూలు చిప్ గుండానే మీ చెవికి చేరుతుంది. ఆ స్పీకర్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ (కాంతి వైరు మీద డిజిటల్‌గానే తీసుకునేది) ఉండి, ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ తీసుకుని ఆప్టికల్ ఇచ్చే చిన్న కన్వర్టర్ దొరికితే, స్పీకర్ల మటుకు మీకు డాకే అక్కర్లేదు.

ఆర్‌టూఆర్ నిచ్చెన గురించి రెండు ముక్కలు. 16 బిట్లు నిజంగా కావాలంటే అన్నిటికన్నా పెద్ద బిట్ రెసిస్టరు 65,536లో ఒక వంతు, అంటే 0.0015 శాతం తేడాలోపల ఉండాలి. చవక బోర్డుల్లో వేసేవి 0.1 శాతం రెసిస్టర్లు. ఆ తప్పు ఎక్కడ బయటపడుతుందంటే, అన్ని బిట్లూ ఒకేసారి తిరగబడే సున్నా రేఖ దగ్గర. గట్టి ధ్వనిలో దాక్కుంటుంది; వీణ తీగ మీటిన తరవాత నాదం సన్నబడి ఆగిపోయే చివరి క్షణాల్లో గరుకుగా తేలుతుంది. నిజానికి మీరు వినాలనుకునేది ఆ చివరి క్షణాలనే కదా! ఒక్కో రెసిస్టరునీ ట్రిమ్ చేసిన ఖరీదైన నిచ్చెనల్లో ఈ బాధ తక్కువ. అవి మీ బడ్జెట్‌లో రావు.

ఇక ట్యూబ్. దీని సంగతి శ్రుతి తెలిసినవాళ్ళకి చెప్పడం తేలిక. షడ్జం 200 హెర్ట్జ్ అనుకోండి. రెండో హార్మోనిక్, అంటే దానికి రెండింతలు, 400, అది పై షడ్జం. మూడోది 600, దాని పంచమం. నాలుగోది మళ్ళీ షడ్జం. ఐదోది 1000, అంతరగాంధారం. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటని గాంధారం పలుకుతుందే, అదే ఇది. ఏడోది 1400. అది కైశికి నిషాదానికి కాస్త కిందపడి ఏ స్వరస్థానానికీ కుదరదు. ట్యూబ్ దశ ముఖ్యంగా రెండో హార్మోనిక్‌ని కలుపుతుంది. ఒంటరి వీణకో గాత్రానికో షడ్జం మీద ఇంకో షడ్జం చేరితే చెవికి తప్పుగా ఏమనిపిస్తుంది? నిండుగానే ఉంటుంది. అర శాతం దాకా ఉన్నా చాలామంది దాన్ని డిస్టార్షన్ అని గుర్తుపట్టరు.

ఒకే స్వరం ఉన్నంతసేపే ఈ ముచ్చట. రెండు స్వరాలు కలిసి మోగితే అదే వంకర వాటి మొత్తాన్నీ తేడానీ కూడా పుట్టిస్తుంది. షడ్జం 200, పంచమం 300 కలిస్తే పుట్టేవి 100, 500. ఒకటి మంద్ర షడ్జం, ఇంకోటి పై అంతరగాంధారం. రెండూ శ్రుతిలోనే ఉన్నాయి కాబట్టి తంబురాతో వీణ ఇంకా నిండుగా వినిపిస్తుంది. అదే షడ్జంతో శుద్ధ మధ్యమం కలిస్తే, అంటే 200తో 267, మొత్తం 467 అవుతుంది. అది పై స్థాయి చతుశ్రుతి రిషభానికీ సాధారణ గాంధారానికీ మధ్యలో ఎక్కడో పడుతుంది. ఇళయరాజా పాటలో ఇరవై వయొలిన్లు, బేస్ గిటార్, తబలా, కోరస్ ఒక్కసారి మోగినప్పుడు ఇలాంటి జంటలు వందల్లో ఉంటాయి. వీణకి ప్రాణం పోసిన ఆ ట్యూబే ఇక్కడ పొగమంచు కప్పుతుంది. మీ ఫ్రెండ్ ఏ పాట వేసి వినిపించారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

చవక ట్యూబ్ డాక్‌లలో ఇంకో కిటుకు ఉంటుంది. వంద వోల్టుల పైన నడవాల్సిన ట్యూబుని పన్నెండో ఇరవైనాలుగో వోల్టుల మీద నడిపి, కింద నారింజ రంగు ఎల్ఈడీ పెడతారు. వెలుగు ట్యూబ్‌ది కాదు. లోపల అసలు పని ఆప్‌ఆంప్ అనే యాంప్లిఫయర్ చిప్ చేస్తుంటుంది.

ఫ్రెండ్ ఇంట్లో వినిపించిన తేడాలో వాల్యూమ్ వాటా ఎంతో తేలకుండా మిగతాది మాట్లాడి లాభం లేదు. ఒక డాక్ 2 వోల్టులు, ఇంకోటి 2.3 వోల్టులు ఇస్తే తేడా 1.2 డీబీ. ఆమాత్రం తేడాని చెవి 'గట్టిగా ఉంది' అని పట్టుకోదు. నిండుగా, దగ్గరగా, ప్రాణంతో ఉందంటుంది. మల్టీమీటరు ఉంటే పది నిమిషాల పని:

100 హెర్ట్జ్ సైన్ స్వరం, పూర్తి స్థాయికి 6 డీబీ కింద ఉన్న ఫైలు ఒకటి తయారుచేసుకోండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిమిషం పట్టదు. 1 కిలోహెర్ట్జ్ వద్దు, బెంగళూరు ఎస్పీ రోడ్డు బజార్లో దొరికే మామూలు మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే ఏసీ సరిగ్గా చూపించవు. స్పీకర్ వాల్యూమ్ సున్నాలో పెట్టి, వైరు మాత్రం తగిలించే ఉంచండి. లోడ్ లేకుండా కొలిస్తే అంకె మారొచ్చు. ఆర్సీఏ నడిమి పిన్నుకీ బయటి రింగుకీ మధ్య ఏసీ వోల్టులు చూడండి. రెండింటినీ ఒకే ప్రోబ్ కొనతో ముట్టించి షార్ట్ చేయకండి. ఒకటి 1.00, ఇంకోటి 1.15 వస్తే గట్టిదాన్ని ప్లేయర్‌లో 1.2 డీబీ తగ్గించి మళ్ళీ కొలవండి. తేడా ఒక శాతం లోపలికి వస్తే, అంటే 0.1 డీబీ లోపల, అప్పుడు పోలిక మొదలు. పాటలో ఇరవై సెకన్ల ముక్క తీసుకుని, మార్చేది మీకు కనపడకుండా ఇంకొకరి చేత మార్పించండి. పదహారుసార్లలో పన్నెండు సరిగ్గా చెబితే సరే; గుడ్డిగా కొట్టేవాళ్ళకి పన్నెండో అంతకన్నా ఎక్కువో తగిలే అవకాశం నూటికి నాలుగే. పదిసార్లలో ఆరు సరిగ్గా చెప్పి గెలిచామనుకోవద్దు.

ట్యూబ్ డాక్‌తో ఈ పరీక్ష గెలవడం కష్టమేమీ కాదు, తేడా నిజంగా ఉంటుంది గనక. రెండు మంచి డెల్టా-సిగ్మా డాక్‌లతో మాత్రం చాలామంది ఇక్కడే ఆగిపోతారు. చిప్ పేరు మీద గొడవపడేవాళ్ళకి ఒక సంగతి: 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో డాక్ చిప్పులు చేసే ఏకేఎం ఫ్యాక్టరీ తగలబడ్డాక చిప్పులు దొరక్క చాలా కంపెనీలు ఈఎస్ఎస్ అనే ఇంకో కంపెనీ చిప్పులకి మారాయి. టాపింగ్ కంపెనీ డాక్ డి90 ఏకేఎంతో వచ్చేది, ఆ తరవాతి డి90ఎస్ఈ ఈఎస్ఎస్‌తో వచ్చింది. చిప్ కన్నా దాని వెనకున్న ఆప్‌ఆంపులు, కరెంటు సరఫరా, బోర్డు లేఅవుటే అవుట్‌పుట్‌ని తేలుస్తాయి.

జిట్టర్ (శాంపిళ్ళ గడియారం తడబడటం) గురించి ఒక్క వాక్యం చాలు: ఎసింక్రనస్ యూఎస్‌బీ డాక్‌లో గడియారం డాక్‌లోనే ఉంటుంది, మూడు వేల యూఎస్‌బీ వైరు దానికి చేసేదేమీ లేదు.

సినాడ్ చెప్పనివీ, మీకు నిజంగా తగిలేవీ వేరే ఉన్నాయి. మొదటిది ఇన్‌ఇయర్లకి అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే జాక్ లోపల ఉన్న నిరోధం. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు అనే చిన్న డ్రైవర్లు ఉన్న ఇన్‌ఇయర్ ఒక ఫ్రీక్వెన్సీలో 8 ఓములు, ఇంకోచోట 40 ఓములు ఉండొచ్చు. హెడ్‌ఫోన్ జాక్ ఇంపెడెన్స్ 10 ఓములైతే మొదటిచోట 7 డీబీ పోతుంది, రెండోచోట 2 డీబీ. అంటే 5 డీబీ ఈక్యూ మీకు చెప్పకుండా పడిపోయింది! డాక్‌ల మధ్య 'రంగు' అని జనం చెప్పుకునే వాటిలో ఇంతకన్నా పెద్దది అరుదు. జాక్ ఇంపెడెన్స్ 1 ఓము లోపల ఉన్నదే తీసుకోండి.

రెండోది, ఈమధ్య గట్టిగా మాస్టర్ చేసిన పాటలు. శాంపిళ్ళు పూర్తి స్థాయి దాటకపోయినా వాటి మధ్య గీసే తరంగం 3 డీబీ దాకా పైకి లేవొచ్చు. డాక్ ఫిల్టర్‌లో దానికి చోటు లేకపోతే శిఖరం తెగి గరగరమంటుంది. ఆ గరగరని 'డిజిటల్ కాఠిన్యం' అని తిట్టి ఆర్‌టూఆర్‌కి మారినవాళ్ళున్నారు. ప్లేయర్‌లో వాల్యూమ్ 3, 4 డీబీ తగ్గించి, ఆ తేడా స్పీకర్ నాబ్‌తో పెంచుకుంటే సరిపోయేదానికి!

మూడోది కరెంటు. ల్యాప్‌టాప్ చార్జర్ ఒక ప్లగ్గులో, స్పీకర్లు ఇంకో ప్లగ్గులో ఉంటే భూమి వైరు ఉచ్చు పడి 50 హెర్ట్జ్ హమ్మింగు, మౌస్ కదిపితే కీచుకీచు. చార్జర్ పీకేయగానే మాయమైతే రోగం అదే. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి అన్నీ తెండి. పోకపోతే ఆప్టికల్, లేదా బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉన్న డాక్. యూఎస్‌బీ ఐసోలేటర్ కొంటే ఫుల్ స్పీడా హై స్పీడా చూసి కొనండి. చవకవి 12 మెగాబిట్లవి, చాలా డాక్‌లు వాటితో అసలు పలకవు. త్రీపిన్‌లో భూమి పిన్ను విరగ్గొట్టే సలహా ఎవరిచ్చినా వినకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడు మాత్రమే జుయ్యిమంటే అది స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్, డాక్ జోలికి వెళ్ళకండి.

వీటన్నిటినీ మించింది ఆ గది. పదడుగుల గోడల మధ్య దాదాపు 57 హెర్ట్జ్, పన్నెండడుగుల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలబడిపోయి 10 డీబీ దాకా ఉబ్బుతుంది. కింద విట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడలు అయితే పైన గణగణ. మిగిలిన డబ్బులో కొంత కొలత మైకుకి పెట్టండి. యూమిక్-1 లాంటిది, దాంతో గదిని కొలిచే ఆర్ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితం. కొని ఒకసారి వాడి మూలన పడేస్తామనుకుంటే తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నా సరే.

ఇప్పుడు రంగు వేయడం. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రామ్ ఉచితం. ప్లేయర్‌ని ఏసియోలో గాని వాసాపీ ఎక్స్‌క్లూజివ్‌లో గాని (విండోస్ మిక్సర్‌ని దాటేసి నేరుగా డాక్‌కి పంపే దారులు) పెడితే ఇది పనిచేయదు. 'ఏం తేడా రాలేదు' అనేవాళ్ళలో సగంమంది తప్పు ఇదే. ముందు ప్రీఆంప్ (మొత్తం స్థాయి) మైనస్ 4 డీబీ. ఆర్‌టూఆర్ మృదుత్వం కావాలంటే గ్రాఫిక్ ఈక్యూలో పైన 5, 10, 15, 20 కిలోహెర్ట్జ్‌లకి చెప్పిన నాలుగు అంకెలూ మైనస్‌లో వేయండి, దాదాపు అదే వంపు వస్తుంది. అది చాలకపోతే 150 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (దానికి కిందున్నవన్నీ మార్చే ఫిల్టర్) ప్లస్ 2 డీబీ, 3 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 1.5. ఘంటసాల మోనో పాటలకి ఇది బాగానే కుదురుతుంది. వాటిలో 10 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదే తక్కువ, అక్కడ కోసినా పోయేది హిస్సే.

ట్యూబ్ కావాలంటే హార్మోనిక్స్ కలిపే వీఎస్‌టీ ప్లగిన్ (ధ్వనిని మార్చే చిన్న ప్రోగ్రామ్) ఏదైనా అదే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించొచ్చు. లోపలి లెక్క చాలా చిన్నది: వచ్చిన శాంపిల్‌కి దాని వర్గాన్ని 0.02తో గుణించి కలపడమే. పూర్తి స్థాయి స్వరానికి రెండో హార్మోనిక్ 1 శాతం వస్తుంది. స్వరం 20 డీబీ తగ్గితే అదీ 0.1 శాతానికి దిగుతుంది, ట్యూబ్‌లో లాగే. రెండు జాగ్రత్తలు. వర్గం వల్ల కొద్దిగా డీసీ పుడుతుంది, 5 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (దానికి కిందవి కోసే ఫిల్టర్) పెట్టి తీసేయాలి. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ కనీసం నాలుగింతలు ఉండాలి. లేదంటే 15 కిలోహెర్ట్జ్ స్వరానికి పుట్టిన 30 కిలోహెర్ట్జ్ హార్మోనిక్ మడతపడి 14.1 దగ్గర తేలుతుంది. అది ట్యూబ్ రంగు కాదు, మరక. మొదట అర శాతంతో పెట్టి వీణ వినండి, అలాగే ఉంచి ఆర్కెస్ట్రా పాట వినండి. రెండో దానికి ఆపేయాలనిపించిందంటే మీ చెవి సరిగ్గానే ఉంది.

హార్డ్‌వేర్‌లోనే ఉండాలన్న సరదా ఉంటే అదీ విడి పెట్టెలో పెట్టుకోండి. యాంప్లిఫయర్ డిజైనర్ నెల్సన్ పాస్ ఒక్క జెఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టరు)తో రెండో హార్మోనిక్‌ని కలిపే చిన్న సర్క్యూట్ ఇచ్చారు, చేత్తో కట్టుకునేవాళ్ళ కోసమే. డాక్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి, బైపాస్ స్విచ్ ఒకటి వేసుకుంటే చాలు.

ఇంత చెప్పినా ఆ ట్యూబ్ ఆర్‌టూఆరే కావాలనుకుంటే, సెకండ్‌హ్యాండ్ అయినా కొత్తదైనా, డబ్బు ఇచ్చేముందు మూడు చూడండి. పావుగంట వేడెక్కాక, ఏ పాటా లేకుండా ఆర్సీఏ దగ్గర డీసీ కొలవండి; 20 మిల్లీవోల్టులు దాటితే వదిలేయండి. అవుట్‌పుట్ కెపాసిటరు విలువ అడగండి: 0.47 మైక్రోఫారడ్ పెట్టి ఉంటే, 10 కిలో ఓముల ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ స్పీకర్‌తో 34 హెర్ట్జ్ దగ్గరే 3 డీబీ పడిపోతుంది, మృదంగం ఎడమవైపు తొప్పి పల్చబడుతుంది. 2.2 మైక్రోఫారడ్ అయినా ఉండాలి. స్పీకర్లు ఆన్‌లో ఉండగా డాక్ ఆన్, ఆఫ్ చేసి చూడండి. ధడేల్‌మంటే మ్యూట్ రిలే లేదని అర్థం, రోజూ స్పీకర్లే ముందు ఆపి, చివర్న వేయాల్సి ఉంటుంది. పాత ఫిలిప్స్ టీడీఏ1541 చిప్ ఉందని, దాని మీద ఏరిన చిప్పులకి వేసే కిరీటం గుర్తుందని ఎక్కువ రేటు చెబితే ఆ రేటు ఇవ్వకండి. ఆ గుర్తు కొట్టిన నకిలీ చిప్పులు బజార్లో చాలా ఉన్నాయి.